గ్రేసీ చేసిన ఫైటు

నవంబరు 19, బుధవారం

ఆఖరి రోజు ఎలా జరిగిందో రాసి పెట్టుకోవాలి. ఇప్పటికే రోజుకో రకంగా గుర్తొస్తోంది.

ఎనిమిదో తారీఖు, శనివారం. గ్రేసీ ఆరింటికి లేచింది. తను ఆటల టీచరుగా చేసే స్కూల్లో ఆడపిల్లల కబడ్డీ సెలక్షన్లు ఉన్నాయి. ఇడ్లీ వేసి, నాకు బాక్సు కట్టి, ఏడున్నరకి స్కూటీ మీద వెళ్ళింది. తలనొప్పిగా ఉందని నాతో అనలేదు. అప్పటికి తొమ్మిది రోజులుగా మేం అవసరమైన మాటలే మాట్లాడుకుంటున్నాం. ఎనిమిదింటి బస్సుకి నేను మా ఊరు పేట నుంచి నందిగామలో పాఠాలు చెప్పే కాలేజీకి వెళ్ళాను.

పదీ ఐదుకి ఒకసారి, పదీ ఇరవైకి ఒకసారి ఫోన్ చేసింది. క్లాసులో ఉన్నాను. ఎత్తలేదు.

పదీ నలభైకి గ్రౌండులో కబడ్డీ కోర్టుకి సున్నంతో గీతలు వేస్తూ పడిపోయింది. గీత సగంలో ఆగిందట. పిల్లలు నీళ్ళు చల్లారు. ముక్త్యాల సిమెంటు ఫ్యాక్టరీలో లారీల కాటా దగ్గర డ్యూటీలో ఉన్న గ్రేసీ తమ్ముడు బెన్నికి స్కూలు వాళ్ళు ఫోన్ చేశారు. నాకు బెన్ని చేశాడు. అప్పుడు ఎత్తాను.

పేటలో డాక్టరు చూసి వెంటనే బెజవాడ తీసుకెళ్ళమన్నాడు. అంబులెన్సు ఎలాగూ నందిగామ మీదుగానే పోవాలి. నేను హైవే మీద నిలబడ్డాను. పన్నెండూ పదికి వచ్చింది. వెనక తలుపు తీశారు, ఎక్కాను. కళ్ళు మూసుకుని ఉంది. వేళ్ళకి సున్నం. పేరు పెట్టి పిలిచాను. పక్కనే కూర్చున్న బెన్ని కూడా పిలిచాడు.

కీసర టోల్‌గేటు దాటాక అందులో ఉన్నతను నాడి చూశాడు. చూసి బెన్ని వైపు తిరిగాడు. నా వైపు తిరగలేదు. పన్నెండూ నలభై ఎనిమిది.

మెదడులో రక్తనాళం చిట్లిందని ఆస్పత్రిలో చెప్పారు. ఆదివారం మధ్యాహ్నం సమాధి చేశాం. ముప్పై ఎనిమిదేళ్ళు.

ఇంతే జరిగింది.


నవంబరు 20

రాయడానికి ఏమీ లేదు.


నవంబరు 23, ఆదివారం

ఇంట్లో ఆదరణ కూడిక. పాస్టరుగారు గంట మాట్లాడారు. గ్రేసీ కడుపున పిల్లలు లేకపోయినా స్కూల్లో పిల్లలందరికీ తల్లి అన్నారు. మంచి ఉద్దేశంతోనే అన్నారు.

భోజనాలయ్యాక బెన్ని విస్తరాకులు ఎత్తుతూ నన్ను అడిగాడు, షూటింగ్ సంగతి పాస్టరుగారికి ఎందుకు చెప్పలేదని. అక్క చేసినవాటిలో అదే పెద్దది కదా అన్నాడు. ఇది ఆ మాటకి చోటు కాదన్నాను.

"నీకెక్కడా చోటు కాదు బావా," అన్నాడు.

వాడికి నా మీద ఏదో ఉంది. దుఃఖంలో మనుషులు అలాగే ఉంటారు.


నవంబరు 27, గురువారం

ఇక్కడ రాస్తే నష్టం లేదు. ఎవరూ చదవరు.

మే నెలలో ముక్త్యాల దగ్గర పాత క్వారీలో సినిమా షూటింగ్ జరిగింది. దాని పేరు రాయను. రాళ్ళు కొట్టే ఆడవాళ్ళు కాంట్రాక్టరు మనుషుల మీద తిరగబడే కథ. వాస్తవంగా ఉండదు. అంతా నలుపూ ఎరుపూ, స్లో మోషను, ట్యాంకర్లతో పోసిన వాన. హీరోయిన్‌కి డూపుగా హైదరాబాదు నుంచి వచ్చిన అమ్మాయి రెండో రోజే మడమ విరగ్గొట్టుకుంది. ఫైట్ మాస్టరు దగ్గర్లో ఎవరైనా ఆటల అమ్మాయిలు ఉన్నారా అని అడిగితే, లారీల వాళ్ళతో నిలబడి చూస్తున్న బెన్ని మా అక్క ఉంది అన్నాడట. వేసవి సెలవులు. పదకొండు రోజులు వెళ్ళింది. పొద్దున బెన్ని బండి మీద వెళ్ళేది, సాయంత్రం మోచేతులకి పసుపు రాసుకుని కూర్చునేది.

నేను వద్దనలేదు.

మూడో రోజు ఒక అగ్రిమెంటు తెచ్చింది. సాక్షి సంతకం భర్తదైతే మంచిదన్నారట. నేను చేతిసంచీ భుజాన వేసుకుని గుమ్మంలో ఉన్నాను. గోడకి ఆనించి సంతకం పెట్టాను. చదవలేదు. చదివితే ఒప్పుకున్నట్టు అవుతుందని అనుకున్నాను. ఇరవై ఏళ్ళుగా రాజ్యాంగం పాఠం చెబుతూ, చదవకుండా దేని కిందా పేరు పెట్టొద్దని ప్రతి బ్యాచికీ చెబుతాను.

ఆ రోజు సాయంత్రం గ్రేసీ ఒక మాట చెప్పింది. ఫైట్ మాస్టరు ఆమె దూకడం చూసి, "మీ ఒళ్ళు చాలా బలమైందమ్మా, ఎక్కడ నేర్చుకున్నారు," అన్నాడట. ఆ మాట నాతో మూడుసార్లు చెప్పింది. మూడోసారి చెప్పినప్పుడు ఇంకోటి కలిపింది.

"నా ఒంటిని చూసి ఎవరైనా బాగుందన్నది ఇదే మొదలండీ."

పదిహేనేళ్ళలో ఆ ఒంటి గురించి డాక్టర్లు ఏమన్నారో, మా అమ్మ ఏమందో, చర్చిలో ఆడవాళ్ళు ఏమన్నారో నాకు తెలుసు. అన్నీ నా ముందే అన్నారు.

పేపరు చూస్తున్నాను. ఊఁ అన్నాను.


డిసెంబరు 3, బుధవారం

బీరువాలోంచి గ్రేసీ ఫోన్ తీశాను. తాళం నాకు తెలుసు. ఒక ఫొటో కోసం వెతికాను. లేదు.

నందిగామలో మొబైల్ షాపుకి తీసుకెళ్ళాను. ఎప్పుడు తీసేశారండీ అని అడిగాడు. అక్టోబరు ముప్పై అన్నాను. తీసేసిన ఫొటోలు నెల రోజులు అందులోనే ఒక పక్కన ఉంటాయట, ఆ తర్వాత పోతాయట. వేళ్ళ మీద లెక్కపెట్టి, నాలుగు రోజుల ముందు తెచ్చుంటే రెండు నిమిషాల పని అన్నాడు. ముఖ్యమైందా అని అడిగాడు.

కాదన్నాను.

గ్రేసీ పోయినప్పటి నుంచీ ఫోను బీరువాలోనే ఉంది. దాని పక్కనుంచే రోజూ చొక్కా తీసుకున్నాను.


డిసెంబరు 25

చర్చికి వెళ్ళాను. బెన్ని వాళ్ళింట్లో తిన్నాను. వచ్చేశాను.


జనవరి 9, శుక్రవారం

శనివారాలు పది నుంచి పదకొండు దాకా నాకు క్లాసు లేదు. ఎప్పుడూ లేదు. టైంటేబుల్ స్టాఫ్ రూము గోడకి ఉంది.


జనవరి 10

టేబుల్ మీద ఫోను మోగుతుంటే చూశాను. రెండుసార్లూ పేరు చూశాను. నేను ఎత్తనని తనకి తెలియాలనుకున్నాను. ఎందుకు చేసిందో తెలియదు. తలనొప్పి అని చెప్పడానికే అయ్యుండొచ్చు. గ్యాసు బండ సంగతి కావచ్చు. ఇంకేదైనా కావచ్చు.


జనవరి 13, మంగళవారం

అక్టోబరు ముప్పై సంగతి కూడా రాసేస్తాను.

ఆ రోజు టీజరు వచ్చింది. స్టాఫ్ రూములో కామర్స్ కిషోర్‌బాబు అందరికీ చూపించాడు. ముప్పై సెకన్లు. వాన, రాళ్ళు, తడిసిన జాకెట్టు వీపు, గాల్లో తిరిగే కాళ్ళు, చివర్లో హీరోయిన్ మొహం. ఎవరో ఈ నడుము హీరోయిన్‌ది కాదు, డూపుదన్నారు. కిషోర్‌బాబు డూపే బాగుందన్నాడు. అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. నవ్వకపోతే అడుగుతారని.

ఇంటికొచ్చేసరికి గ్రేసీ గుమ్మంలోనే ఫోను పట్టుకుని ఉంది. టీజరు చూశారా అంది. చూశానన్నాను. అయితే ఇది చూడండి అని ఒక ఫొటో చూపించింది. క్వారీలో ఫోన్లు ఉండనివ్వరు, ఆఖరి రోజు మేకప్ ఆమె గ్రేసీ ఫోనుతోనే దొంగచాటుగా తీసిందట. అదే వేషం. చీర పైకి దోపి, జాకెట్టు తడిసి, మోకాళ్ళ దాకా బురద. మొహం మాత్రం గ్రేసీది. పళ్ళన్నీ కనపడేట్టు నవ్వుతోంది. ఆ నవ్వు ఇంట్లో నేను చూసి చాలా కాలమైంది.

"దీన్ని మీ స్కూలు నోటీసు బోర్డుకి అంటించు. పిల్లలు నేర్చుకుంటారు," అన్నాను.

గట్టిగా అనలేదు. నేను ఎప్పుడూ గట్టిగా అనను.

 గ్రేసీ నా ముందే ఆ ఫొటో తీసేసింది. ఫోను బోర్లా పెట్టి వంటింట్లోకి వెళ్ళింది. నేను ఆపలేదు. ఆపాలని తోచలేదు. వద్దనలేదు అని నవంబరులో రాశాను. నోటితో అనలేదు, నిజమే.

ఆ ఫొటో ఒక్కటే ఉండేది. ఆ ఫైటు చేసిన మనిషి మొహంతో ప్రపంచంలో ఉన్నది అదొక్కటే.


ఫిబ్రవరి 8, ఆదివారం

సినిమా మొన్న వచ్చింది. నందిగామ వెళ్ళి చూశాను. బాగానే ఉంది.


ఫిబ్రవరి 11, బుధవారం

బెన్ని వచ్చాడు. నాలుగుసార్లు చూశాడట. వాడి చిన్నకూతురు గుమ్మంలో వంగి మట్టి తీసుకుని, రెండు అరచేతుల మధ్యా రుద్ది, నెమ్మదిగా వదిలింది. సినిమాలో హీరోయిన్ ఫైటు ముందు అలా చేస్తుందట. ఊళ్ళో పిల్లలంతా అదే చేస్తున్నారు. రీల్స్ నిండా అదే.

గ్రేసీకి అరచేతులు చెమట పట్టేవి. కోర్టులోకి వెళ్ళే ముందు అలా మట్టి రుద్దుకునేది. తొడ కొట్టుకోవడం మగాళ్ళ గోల, మీకు చేతులు జారకపోతే చాలు అని పిల్లలకి కూడా అదే నేర్పింది. క్వారీలో అలవాటు కొద్దీ చేస్తే డైరెక్టరు చూసి ఉంచేశాడట. బెన్ని చెప్పాడు. నాకు గ్రేసీ చెప్పలేదు. చెప్పిందేమో.

అందరూ హీరోయిన్‌ని మెచ్చుకుంటున్నారు, ఆ మట్టి ఐడియా తనదేనని ఎక్కడో చెప్పిందట.

"అక్కది దొబ్బేశారు బావా," అన్నాడు బెన్ని. మళ్ళీ వాడే, "పోనీలే, అక్క చేసింది ఊరంతా చేస్తోందిగా," అన్నాడు. వాడికి రెండూ ఒకేసారి అనిపిస్తాయి. అదృష్టవంతుడు.


ఫిబ్రవరి 14, శనివారం

చూశాను అని రాశాను. చూడలేదు.

ఫైటు ఇంటర్వెల్ ముందు. మట్టి తీసుకోగానే హాలంతా ఈలలు. వెనక సీట్లో ఎవరో నడుము గురించి ఒక మాట అన్నారు. పక్కన ఆడవాళ్ళ వరసలో ఒకామె లేచి చప్పట్లు కొట్టింది. నేను తల దించుకున్నాను. ముందు సీటు కింద ఎవరివో రబ్బరు చెప్పులు ఉన్నాయి. ఫైటు అయ్యేదాకా వాటిని చూశాను. ఇంటర్వెల్లో వచ్చేశాను.


ఫిబ్రవరి 17, మంగళవారం

అగ్రిమెంటు మీదున్న నంబరుకి ఫోన్ చేశాను. మేనేజరు సతీష్‌బాబు అని ఒకతను మాట్లాడాడు. మర్యాదస్తుడు. గ్రేసీ పోయిన సంగతి చెప్పాను. ఆమెని బాగా గుర్తుంచుకున్నాడు. ఒకచోట ఏడుసార్లు దూకించారట. ఏడోది అయ్యాక యూనిట్ అంతా చప్పట్లు కొట్టిందట.

మొహం మార్చకముందు తీసినది ఒక్క ముక్క ఇమ్మని అడిగాను. పది సెకన్లు చాలన్నాను. అది ఉంచరండీ అన్నాడు. కంప్యూటర్లో హీరోయిన్ మొహం పెట్టాక పాతది చెరిపేస్తారట. బయటికి పోతే హీరోయిన్‌కి ఇబ్బంది. అందుకే డూపు పేరు టైటిల్స్‌లో వేయకూడదని, ఎక్కడా చెప్పకూడదని ముందే రాయించుకుంటారట. ఆరో పాయింటు.

"సాక్షిగా మీరే సంతకం పెట్టారు కదండీ," అన్నాడు. తప్పుపట్టడానికి కాదు, గుర్తుచేయడానికి.

ఫోన్ పెట్టేశాక ఆరో పాయింటు చదివాను. స్పష్టంగానే ఉంది. నాలుగు లైన్లు. కింద నా సంతకం, గోడ గరుకుకి కొంచెం వంకరగా.


మార్చి 7, శనివారం

మహిళా దినోత్సవం ఆదివారం పడిందని కాలేజీలో ఇవాళే చేశారు. ఇంగ్లీషు రాజ్యశ్రీగారు వక్తృత్వ పోటీ పెట్టారు. అంశం: ఆ సినిమా ఆడవాళ్ళకి బలమిచ్చిందా, ఆడవాళ్ళని వాడుకుందా. న్యాయనిర్ణేతలు ఇద్దరు. ఆమె, నేను. వేరేవాళ్ళని చూసుకోమన్నాను. సొలొమోనుగారూ, సినిమాలంటే పట్టింపు లేనివాళ్ళయితేనే న్యాయంగా ఉంటుంది అంది.

ఎవరు ఏ వైపు మాట్లాడాలో చీటీలు తీశారు. ఆరుగురు పిల్లలు. స్టేజీ ఎక్కే ప్రతివాళ్ళూ ముందు వంగి గాల్లోంచే మట్టి తీసుకుని చేతులు రుద్దుకున్నారు. ప్రతిసారీ హాలు గోల.

నవీన్‌బాబు బలమిచ్చింది అనే వైపు. మా అమ్మ పదేళ్ళుగా మా నాన్నని నీళ్ళ గ్లాసు కూడా అడగలేదు, సినిమా చూసొచ్చిన రోజు కాళ్ళు చాపుకుని టీ పెట్టమంది, ఆయన భయపడి పెట్టాడు, నేనే సాక్షి అన్నాడు. బాగా నవ్వారు. రాజ్యశ్రీగారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.

తర్వాత యశస్విని. బీఏ రెండో సంవత్సరం. వాడుకుంది అనే వైపు. మట్టి తీసుకోలేదు. నోటుబుక్కు తెరిచింది.

మూడుసార్లు చూసి లెక్క రాసుకున్నానండీ అంది. ఫైటు నాలుగు నిమిషాల పది సెకన్లు. కొట్టే చెయ్యి కనిపించేది యాభై సెకన్లు. వీపూ నడుమూ కనిపించేది నిమిషంన్నర పైన. మగ హీరో ఫైటులో ఎప్పుడైనా చెయ్యి కంటే నడుము ఎక్కువ కనిపించిందా అని అడిగింది. హాలు నవ్వింది. ఆ పిల్ల నవ్వలేదు.

"కొట్టింది ఒక మనిషి. మొహం ఇంకో మనిషిది. అందరికీ తెలుసు. తెలిసే ఈల వేస్తాం. ఒళ్ళు ఒకరిది, పేరు ఇంకొకరిదైతే, ఆ బలం ఎవరికి ఇచ్చినట్టండీ? ఆ మొదటామె ఇప్పుడెక్కడుందో ఈ హాల్లో ఎవరికైనా తెలుసా?"

 నేను పెన్ను మూత పెట్టుకుంటున్నాను.

యాభైకి నవీన్‌బాబుకి నలభై ఆరు, యశస్వినికి ముప్పై రెండు వేశాను. రాజ్యశ్రీగారు యశస్వినికి నలభై ఎనిమిది వేసింది. నా కాగితం చూసి మార్కులు కూడింది. మొత్తం మీద నవీన్‌బాబు మొదటి బహుమతి, యశస్విని రెండోది. ఇద్దరూ మంగళవారం బెజవాడ పోటీకి వెళతారు.

సాయంత్రం మెట్ల దగ్గర ఆ పిల్ల ఆపింది. చీటీ అలా వచ్చింది సార్ అంది. పేటలో గ్రేసీ దగ్గర పదో తరగతి దాకా కబడ్డీ ఆడిందట. నాకు తెలియదు. రెండేళ్ళుగా నా క్లాసులో వచ్చి కూర్చున్న పిల్లల్లో ఎవరు ఎవరో నేను అడగను.

"ఆ మట్టి రుద్దగానే మేం ఆరుగురం థియేటర్లో లేచి నిలబడ్డాం సార్. మేడమ్ టీమ్. వెనకవాళ్ళు కూర్చోమని తిట్టారు. కూర్చోలేదు."

ఏ వైపు నమ్ముతావని అడిగాను. తెలియదు సార్ అంది. తను లెక్కపెట్టింది నిజమే, తాము లేచి నిలబడిందీ నిజమే అంది. తర్వాత అసలు సంగతి అడిగింది. బెజవాడలో మేడమ్ పేరు చెప్పనా అని. అక్కడ పేపర్ల వాళ్ళు వస్తారట.

చెప్పకూడదన్నాను. కాగితంలో ఉందన్నాను.

"మేడమ్ కూడా చెప్పొద్దనుకుందా సార్?"

బస్సుకి టైమైందన్నాను.


మార్చి 8, ఆదివారం

యశస్వినికి ముప్పై రెండు వేయడానికి కారణం, అంశం నుంచి పక్కకి వెళ్ళింది.


మార్చి 9, సోమవారం

వెళ్ళలేదు. అంశమే అది.

కాగితం సంగతి కూడా అంతే. చనిపోయిన మనిషి మీద ఎవరూ కేసు వేయరు. సతీష్‌బాబు కూడా వేయడు. పేరు బయటికి వస్తే కిషోర్‌బాబుకి తెలుస్తుంది. స్టాఫ్ రూములో నేను నవ్వింది ఎవర్ని చూసో అందరికీ తెలుస్తుంది. చర్చిలో తెలుస్తుంది. అదీ నా ఆరో పాయింటు.

సినిమా వాళ్ళు గ్రేసీ మొహం చెరిపేశారు. వాళ్ళ దగ్గర కారణం ఉంది, రాసి కూడా ఇచ్చారు. ఇంట్లో ఫోనులో ఉన్న మొహం నేను చెరిపించాను. వాళ్ళు కనీసం ఏడోసారి దూకాక చప్పట్లు కొట్టారు.


మార్చి 10, మంగళవారం

పొద్దున్నే యశస్వినికి ఫోన్ చేసి పేరు చెప్పమందామనుకున్నాను. మొదటి పీరియడ్ అయ్యాక అనుకున్నాను. రెండోది అయ్యాక అనుకున్నాను. పన్నెండూ ఇరవైకి చేశాను.

అయిపోయింది సార్ అంది. పదకొండింటికే మాట్లాడేసిందట. ఆ మొదటామె ఎక్కడుందో తెలుసా అనే దగ్గరికి వచ్చి ఆగిపోయిందట. తెలిసిన పేరు నోట్లో పెట్టుకుని, తెలుసా అని ఇంకోసారి అడగబుద్ధి కాలేదట. అక్కడి నుంచి మాట రాలేదు. బెల్లు కొట్టి కూర్చోబెట్టారు.

"మీరు వద్దన్నారు కదా సార్. చెప్పలేదు. పరవాలేదు సార్," అంది. నన్ను ఓదారుస్తోంది.

నవీన్‌బాబుకి మూడో బహుమతి వచ్చిందట.

సాయంత్రం కాలేజీ నుంచి నేరుగా ఫస్ట్ షోకి వెళ్ళాను. సగం ఖాళీ. తల దించకూడదని ముందే అనుకున్నాను. దించలేదు. నాలుగు నిమిషాల పది సెకన్లూ చూశాను.

గ్రేసీ ఎక్కడుందో నాకు తెలియలేదు.

మట్టి తీసుకునే చేతులు తనవే అనుకున్నాను. కానీ ఆ వేళ్ళు పొడుగ్గా ఉన్నాయి. కొన్ని దగ్గర నుంచి తీసినవి హీరోయిన్‌వట, బెన్ని చెప్పాడు. ఒకచోట దూకినప్పుడు భుజం తనదిలా ఉంది. తర్వాత దూకినప్పుడూ అలాగే ఉంది. మడమ విరిగిన అమ్మాయివి కూడా రెండు మూడు ఉన్నాయట. మొహం అన్నిటికీ ఒకటే. మొహం లేకుండా నా భార్యని పోల్చుకోగలనని అనుకున్నాను. పదిహేనేళ్ళు పక్కన పడుకున్నాను. ఆ వీపు తనది అవునో కాదో చెప్పలేకపోయాను.

వెనక ఈలలు వేసినవాళ్ళకీ నాకూ తేడా ఉందనుకున్నాను. వాళ్ళు కనీసం చూశారు.


మార్చి 11, బుధవారం

బెన్నికి ఫోన్ చేసి అడిగాను, సినిమాలో అక్క ఎక్కడుందో నీకెలా తెలుస్తుందిరా అని. 

"నేనక్కడ ఉన్నా బావా. పదకొండు రోజులూ ఉన్నా. నువ్వొక్క రోజు వచ్చుంటే నీకూ తెలిసేది."

కోపంగా అనలేదు. కోపంగా అనుంటే బాగుండేది. తర్వాత, కొన్నాళ్ళకి సినిమా ఫోన్లోకి కూడా వస్తుందిలే బావా, ఇంట్లో కూర్చుని ఆపి ఆపి చూసుకోవచ్చు అన్నాడు. ఇంట్లో ఒక్కణ్ణే చూస్తే ఏం చేస్తానో నాకు తెలుసు.

మధ్యాహ్నం యశస్వినిని స్టాఫ్ రూము బయటికి పిలిచాను. ఏం చెప్పాలో అనుకుని వెళ్ళలేదు. ఉన్నది చెప్పాను. సినిమా చూశానమ్మా, మీ మేడమ్ ఎక్కడుందో నాకు కనపడలేదు అన్నాను. ఇరవై ఏళ్ళ ఉద్యోగంలో ఒక విద్యార్థికి నాకు తెలియదని చెప్పడం ఇదే మొదలు.

ఆ పిల్ల ఆశ్చర్యపోలేదు. కాళ్ళు చూడాలి సార్ అంది. మేడమ్ ఎప్పుడూ ఎడమ కాలు ముందు ఆన్చి దిగుతుంది, దిగాక మడమ ఒకసారి తిప్పుతుంది, మాకు ఎన్నిసార్లు చెప్పిందో అంది. తొమ్మిది చోట్ల ఉందట. ఆరుగురూ కూర్చుని లెక్కపెట్టారట. పోటీలో చెప్పిన లెక్కలో అది లేదు.

రేపటితో సినిమా ఇక్కడ తీసేస్తున్నారు. పొద్దున ఒక్క ఆటే. యశస్విని మిగతా ఐదుగురికీ ఫోన్ చేసింది. ఒకామె జి.కొండూరు నుంచి పసిబిడ్డని తీసుకుని వస్తుందట. లోపలికి వెళ్ళాక ఎవరు తిట్టినా లేచి నిలబడతాం, మీరు కూర్చునే ఉండొచ్చు సార్ అంది.

పేరు సంగతి ఇప్పుడు చెప్పొచ్చు అన్నాను. ఎవరికి చెప్పాలి సార్ అంది. పోటీ అయిపోయింది. పేపర్ల వాళ్ళు వెళ్ళిపోయారు. నిజమే.

గ్రేసీని ఆ సినిమా వాడుకుందా, గ్రేసీకి ఏమైనా ఇచ్చిందా, నేను తేల్చలేను. తేల్చగలిగిన మనిషి గుమ్మంలో ఫోను పట్టుకుని చెప్పబోయింది. చూస్తే తేలుతుందని కాదు. చూసినా ఏమీ మారదు. తొమ్మిది చోట్లా మొహం వేరే ఆమెదే.

రేపు పొద్దున కాలేజీకి సెలవు పెడతాను. తొమ్మిదిన్నర బస్సుకి నందిగామ వెళ్ళి, థియేటరు బయట ఆ ఆరుగురితో నిలబడి టికెట్టు తీసుకుంటాను. యశస్విని పక్క సీట్లో కూర్చుని, వచ్చినప్పుడల్లా "ఇదిగో సార్" అని చెబుతానంది. చెప్పిన ప్రతి చోటా చూస్తాను.